ఎవరికి పిచ్చిమొక్కలు?

పొద్దున వాకింగ్‌కి పోయి ఇప్పుడే ఇంటికొచ్చిన, కోపం ఇంకా దిగలే. మా కాలనీ వెనక చెరువుకట్ట కింద మొరం గడ్డ మీద ఉన్న తంగేడు చెట్లన్నీ జేసీబీ పెట్టి పెకిలించి కుప్ప పోసిన్రు. ఎంగిలిపూల బతుకమ్మకి ఇంక పన్నెండు రోజులే ఉంది! ఒక కొమ్మ చేతిలకి తీస్కున్న, కింద పచ్చగ విచ్చిన పూలు, కొసకి గుండ్రటి మొగ్గలు, వేరు సగానికి తెగి ఎర్ర మొరం దానికి అట్లనే అంటుకొని ఉంది. ఎందుకు పీకిన్రు అంటే "పిచ్చిమొక్కలు మేడం, క్లీన్ చేసి లాన్ వేస్తున్నం" అన్నడు అక్కడున్నాయన.

2014ల తెలంగాణ రాష్ట్ర పువ్వు అని పెట్టుకున్నది దీన్నే కదా. దీని బెరడుతోనే కదా తరతరాలుగ తోళ్లు ఊనవెట్టింది. ఎవ్వరు నాటలే, ఎవ్వరు చెంబెడు నీళ్లు పొయ్యలే. నీళ్లు నిలవని మొరం, ఎర్ర చెల్క, రాళ్ల గుట్ట, రోడ్డు పక్క, నెత్తిన నిండా ఎండ, అంతే దానికి కావాల్సింది. నేను మూడేండ్ల కింద ముచ్చటపడి ఇంటి ముందట నల్లమట్టి, పశువుల ఎరువు పోసి రోజూ నీళ్లు పెట్టి పెంచిన, వేరు కుళ్లి చచ్చింది. దానికి మన సేవ వద్దు, దాని జాగ దానికి వదిలేస్తే చాలు, ఆ జాగనే మనం ఉంచుతలేం.

గునుగు సంగతి కూడా గంతే. జొన్న చేన్ల, పత్తి సాళ్లల్ల, బీడు చెల్కల వానలకి దానంతట అదే మొలిచి పండగ టైంకి తెల్లటి కంకి, కొసకి లేత గులాబి రంగు. లేతగ ఉన్నప్పుడు మా అమ్మ ఆకు తెంపి కూర వండేది. ఇప్పుడు కలుపు మందు కొడితే మొలకలోనే మాడిపోతుంది. రైతుని అననీకి నాకు నోరు రాదు, కలుపుకి కూలీలు దొరుకుతలేరు పాపం. పొలం గట్ల మీది తుమ్మి కూడా అట్లనే పోతుంది, మొన్న వినాయక చవితికి తుమ్మికూర కోసం రెండు మార్కెట్లు తిరిగిన.

పోయినేడు కాలనీ మీటింగ్‌ల ఆ మొరం గడ్డ ఒక్కటి ముట్టకుండ్రి అని చేతులు జోడించి చెప్పిన. "పూలు మార్కెట్ల కొనుక్కుంటే అయిపోద్ది కదక్కా" అని అందరు నవ్విన్రు. ఆ నవ్వు ఇప్పటికీ మర్చిపోలే. మార్కెట్లకి పూలు ఆకాశం నుంచి రాలుతయా? ఎవరో ముసలవ్వ చీకట్ల లేచి ఇంకో ఊరి గుట్ట ఎక్కి కోసుకొస్తది. ఆ గుట్ట కూడా రేపు వెంచర్ అయితది. మా అమ్మగారి ఊర్ల అయింది కదా, నేను చిన్నప్పుడు గంప నిండా కోసుకొచ్చిన చెల్కల ఇప్పుడు నంబర్లేసిన రాళ్లు పాతిన్రు, అమ్మ ఆ దిక్కు పోవుడే బంద్ చేసింది. బతుకమ్మ అంటే ఆ నేల మీద మొలిచిన పూలు, ఆ నేల పోయినంక ఇగ దేని చుట్టు తిరిగి ఆడుతం?

ఆ కుప్పల నుంచి ఎండిన కాయలున్న కొమ్మలు రెండు ఏరి తెచ్చిన. ఇగో ఒల్చి గింజలు కాగితంల పోసి పెట్టిన. కట్ట అవతల ఇంకా కొంచెం మొరం మిగిలింది, సాయంత్రం పోయి చల్లుతా. ఎవరొచ్చి ఆపుతరో రమ్మనుండ్రి.