నాలుగు మాత్రలతో మలేరియా పోదు

వానలు పడగానే హైదరాబాద్ కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజీ తిరుగుతుంది: "రోజు విడిచి రోజు చలిజ్వరం వస్తేనే మలేరియా. టెస్టు అక్కర్లేదు. నాలుగు క్లోరోక్విన్ మాత్రలు ఒకేసారి వేసుకోండి, జ్వరం దిగితే ఆపేయండి. బొప్పాయి ఆకు రసం తాగండి." ప్రాణం మీదికి తెచ్చే సలహా ఇది.

"రోజు విడిచి రోజు వస్తేనే": మొదటి రోజుల్లో జ్వరం రోజూ రావచ్చు, వేళాపాళా లేకుండానూ రావచ్చు. పిల్లల్లో చలి లేకుండా వాంతులే కనిపించవచ్చు.

"టెస్టు అక్కర్లేదు": మందు ఏదన్నది తేలేదే టెస్టుతో. వైవాక్స్ రకం మలేరియాకు ఒక మందు, ఫాల్సిపారమ్ రకానికి వేరే మందు. రక్తపు చుక్కతో చేసే ర్యాపిడ్ కిట్‌ను దాని మీద రాసిన సమయానికే, సాధారణంగా 15-20 నిమిషాలకు, చూడాలి. గంట తర్వాత తేలిన సన్నని గీత లెక్కలోకి రాదు. కంట్రోల్ గీత రాకపోతే ఆ కిట్ చెల్లదు. నెగెటివ్ వచ్చినా జ్వరం ఆగకపోతే మర్నాడు మళ్లీ రక్తం స్లైడు చేయించాలి. స్లైడు మీద రక్తాన్ని దట్టంగా పూస్తే మలేరియా పరాన్నజీవి ఉందో లేదో తెలుస్తుంది, పలుచగా పూస్తే అది ఏ రకమో తెలుస్తుంది. వైడాల్ (టైఫాయిడ్ రక్తపరీక్ష) పాజిటివ్ అన్నారని టైఫాయిడ్ మందులతో సరిపెట్టుకుని ఈ పరీక్ష మానకండి.

"నాలుగు మాత్రలు, తర్వాత ఆపేయండి": అసలు మోసం ఇక్కడుంది. వైవాక్స్‌లో 60 కిలోల మనిషికి 150 మి.గ్రా. బేస్ క్లోరోక్విన్ మాత్రలు (స్ట్రిప్ మీద ఫాస్ఫేట్ 250 మి.గ్రా. అని ఉంటుంది) మొదటి రోజు 4, రెండో రోజు 4, మూడో రోజు 2. పరగడుపున వద్దు. అరగంటలోపే వాంతైతే ఆ డోసు మళ్లీ ఇవ్వాలి. ఇదంతా రక్తంలో ఉన్న పరాన్నజీవులకే. కాలేయంలో నిద్రపోతున్నవి వారాలకో నెలలకో లేచి మళ్లీ జ్వరం తెస్తాయి. వాటి కోసమే ప్రైమాక్విన్, రోజుకు 15 మి.గ్రా. చొప్పున 14 రోజులు. మూడో రోజుకే ఒళ్లు తేలికపడుతుంది కాబట్టి చాలామంది దీన్నే వదిలేస్తారు. అయితే ముందు జీ6పీడీ అనే ఎంజైమ్ పరీక్ష చేయించాలి. ఆ ఎంజైమ్ లోపం ఉన్నవారికి, గర్భిణులకు, పసిపిల్లలకు ఈ కోర్సు ఇవ్వకూడదు. మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి దవాఖానాకు వెళ్లాలి.

ఫాల్సిపారమ్ చాలాచోట్ల క్లోరోక్విన్‌కు లొంగదు. దానికి మూడు రోజుల ఆర్టిమిసినిన్ కాంబినేషన్ (ఆర్టిమిసినిన్‌తో వేరే మందు కలిపినది), తగినవారికి ప్రైమాక్విన్ ఒక్క డోసు. డాక్టరు రాసిస్తేనే వాడాలి.

"బొప్పాయి ఆకు రసం": అది పరాన్నజీవిని చంపదు. మలేరియాలో పడిపోయిన ప్లేట్‌లెట్లు సరైన మందు పడితే వాటంతట అవే పెరుగుతాయి.

టెస్టు కోసం దగ్గర్లోని బస్తీ దవాఖానాలో అడగండి. మగత, మాట తడబాటు, ఫిట్స్, పచ్చబడిన కళ్లు, ఆయాసం, ఆగని వాంతులు - వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి.