ఇంజెక్షన్ పడింది కదా అని

బెజవాడలోనో గుంటూరులోనో నాన్నకి పక్షవాతం వచ్చిందని ఫోన్ వస్తే, మన ప్రవాసాంధ్రుల అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో అందరూ అడిగేవి రెండే. స్కాన్ తీశారా? 4.5 గంటల్లోపు రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడిందా? మంచి ప్రశ్నలే. పావురం నెత్తురు పూసుకుంటూ పూటంతా పోగొట్టుకునే రోజుల నుంచి ఇక్కడిదాకా రావడం చిన్న విషయం కాదు. కాకపోతే రెండింటికీ అవునని జవాబు రాగానే "గండం గడిచింది" అనేసుకుని టికెట్ల వేటలో పడతాం. నా అభ్యంతరం అక్కడే.

పక్షవాతంలో, అంటే స్ట్రోక్‌లో, రక్తం ఆగి వెంటనే చచ్చిపోయిన మెదడు భాగం చుట్టూ ఒక అంచు ఉంటుంది. కృష్ణా కాలవ శివారు పొలం లాంటిదది: పైరు చావలేదు, తడి మాత్రం అరకొర. ఆ అంచులో ఒక విద్యుత్ తరంగం పుట్టి నిమిషానికి 2 నుంచి 5 మిల్లీమీటర్ల చొప్పున పాకుతుంది. అది తాకిన చోట కణాల్లోని పొటాషియం బయటికి పోతుంది. సోడియం, కాల్షియం, నీరు లోపలికి చొరబడతాయి. కణాలు ఉబ్బి మూగబోతాయి. మళ్ళీ సర్దుకోవాలంటే బోలెడంత శక్తి కావాలి. ఆరోగ్యంగా ఉన్న మెదడైతే రక్తనాళాలు వెడల్పై ఆ ఖర్చుకి సరిపడా రక్తం తెచ్చిపెడతాయి. మైగ్రేన్‌కి ముందు కళ్ళ ముందు కదిలే మెరుపు గీతల వెనక ఉన్నదీ ఈ తరంగమేనంటారు. దాంతో మెదడేమీ చచ్చిపోదు. దెబ్బతిన్న మెదడులో కథ అడ్డం తిరుగుతుంది. నాళాలు ముడుచుకుపోయి, వచ్చే ఆ కాస్త రక్తమూ తగ్గిపోతుంది. తరంగం వచ్చిపోయిన కొద్దీ చచ్చిన మేర పెరుగుతుందని జంతువుల్లో చూశారు.

1944లో బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావ్ కుందేళ్ళ మెదడులో మొదట గమనించిన సంగతి ఇది. పెద్ద స్ట్రోక్ వచ్చి పుర్రె తెరవాల్సి వచ్చిన రోగుల్లో, మెదడు మీదే ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే, ఈ తరంగాలు రోజుల తరబడి కనిపించాయి. మామూలు వార్డులో వీటిని చూసే మార్గం లేదు, ఆపే మందూ ఇంకా స్థిరపడలేదు. కెటమిన్ అనే మత్తుమందు మీద పరిశోధన నడుస్తోంది.

అలాగని చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఒళ్ళు కాలడం, బీపీ పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం ఈ తరంగాలకి ఊతమిస్తాయి. షుగర్ మరీ పడిపోయినా అంతే. ఎక్కువైతే ఇంకో దారిన చేటు చేస్తుంది, కాబట్టి ఒకేసారి దింపేద్దామని ఉత్సాహపడే వీలూ లేదు.

ఇప్పుడు బెజవాడ సూర్యారావుపేటలో ఏ ఆసుపత్రి గదిలోకైనా తొంగి చూడండి. పెద్దాయనకి మూతి వంకర పోయి ఉంటుంది. మింగగలడో లేదో ఎవరూ చూడకముందే చుట్టాలావిడ చెంచాతో కొబ్బరినీళ్ళు పోస్తూ ఉంటుంది. "అన్నయ్యా, నాన్నకి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, దుప్పటి కప్పాంలే" అని చెల్లెలు వీడియో కాల్‌లో చెబుతుంది. అన్నయ్యేమో న్యూజెర్సీ నుంచి "బీపీ 180 ఉంటే దించరేంటి డాక్టర్ గారూ?" అని గొడవ. రక్తనాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో ఇంజెక్షన్ ఇవ్వకపోతే మొదటి రోజు బీపీని 220 దాకా కూడా వదిలేస్తారు, ఆ అంచుకి రక్తం అందాలని. పాపం, ఆ డాక్టరు ఫోన్‌లో ఎంతని చెబుతాడు!

జ్వరం, షుగర్, మింగుడు: ఈ మూడింటినీ నర్సులు ఒక పద్ధతి ప్రకారం చూసుకునేలా ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ యూనిట్లలో పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. ఆ పద్ధతి పాటించిన చోట, 90 రోజులకి చనిపోయినవాళ్ళూ ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్ళూ కలిపి చూస్తే తగ్గారు. అందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రమూ లేదు. తరంగాలు తగ్గడం వల్లే ఆ మేలు జరిగిందని నేననను, ఆ పరీక్షలో వాటిని కొలవలేదు. కానీ ఇంజెక్షన్ తర్వాతి రోజులకి ఎంత విలువుందో దాన్నిబట్టే తెలుస్తోంది.

మనం మాత్రం ఊరికి ఏదైనా చేద్దామనగానే భవనమో, స్కానింగ్ మిషనో అంటాం. రిబ్బన్ కట్ చేయొచ్చు, ఫొటో బాగా వస్తుంది. ఈసారి వసూలైన డబ్బు గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల్లో స్ట్రోక్ నర్సుల శిక్షణకి, రాత్రి షిఫ్టులో అదనపు నర్సుల జీతాలకి వెళ్ళాలని నా ప్రతిపాదన. శిలాఫలకం మీద పేరు రాదు, ఏటేటా ఇస్తూనే ఉండాలి. అది కష్టమేనని ఒప్పుకుంటాను. కార్యవర్గ సమావేశంలో దీన్ని కాదనదలుచుకున్నవాళ్ళు, ముందు మీ ఊరి ఆసుపత్రికి ఫోన్ చేసి, రాత్రి 2 గంటలకి స్ట్రోక్ రోగులున్న వార్డులో ఒక్క నర్సు ఎన్ని మంచాలు చూస్తోందో కనుక్కుని రండి.