ఆ కొండ మీద భూతం మన నీడే

జర్మనీలోని హార్జ్ నేషనల్ పార్క్ మీద ఒక వ్యాసం చదివాను, బాగుంది. కానీ మంత్రగత్తెల కథ టూరిస్టుల కోసం అల్లిందేనని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది మాత్రం ఒప్పుకోలేను. ఏప్రిల్ 30 రాత్రి మంత్రగత్తెలు చీపుర్లెక్కి ఆ పార్కులోని బ్రోకెన్ శిఖరానికి చేరతారన్న నమ్మకం అక్కడ టూరిజం కంటే చాలా పాతది.

ఆ కొండకే కథ ఎందుకు అంటుకుందో అక్కడి పొగమంచును చూస్తే తెలుస్తుంది. ఎత్తు 1,141 మీటర్లే, అయినా ఏడాదిలో దాదాపు 300 రోజులు పొగమంచే. సూర్యుడు వెనక కిందుగా, మంచు ఎదురుగా ఉంటే మన నీడ ఆ తెర మీద రాక్షసుడంత పడుతుంది. తల చుట్టూ రంగుల వలయం కూడా! చెయ్యెత్తితే అదీ ఎత్తుతుంది. 1780లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త యోహాన్ జిల్బర్‌ష్లాగ్ వర్ణించిన 'బ్రోకెన్ భూతం' ఇదే. అంతకుముందు ఒంటరిగా ఎక్కిన పశువుల కాపరికి గుండె జారిపోయి ఉండదూ?

జర్మనీ రెండుగా ఉన్న రోజుల్లో, 1961 నుంచి 1989 దాకా, సరిహద్దులో ఉన్న ఈ శిఖరం మిలిటరీ నిషేధిత ప్రాంతం. (మంత్రగత్తెలకు పాస్ ఇచ్చారో లేదో!)

ఇక ఆ వ్యాసం ఫొటోలోని ఎండిన స్ప్రూస్ (సూదాకుల) చెట్లను నిర్లక్ష్యం అన్నారు. అదీ సరికాదు. గనులకు కలప కావాలని ఒకప్పుడు కొండల నిండా అదే జాతి నాటారు. 2018 నుంచి వచ్చిన కరువుకు బలహీనపడ్డాక బెరడు పురుగు తినేసింది. పార్కు లోపలి భాగంలో మోళ్లను కావాలనే అలా వదిలేస్తారు. వాటి మొదళ్ల దగ్గర బర్చ్, రోవన్ మొక్కలు ఇప్పటికే లేస్తున్నాయి.