దయచేసి పడవ దిగకండి

వెనిస్‌లో పునరుజ్జీవన కాలపు చర్చిలన్నీ గంటలో చూపించేసే పడవ టూర్ల మీద కొందరు మేధావులు లేనిపోని నిందలు వేస్తున్నారు. పడవ ఎక్కడా ఆగదట. లోపలి చిత్రాలు ఒక్కటీ చూపించరట. ఏం, శ్రీశైలంలో శిఖర దర్శనంతో జన్మరాహిత్యం దొరకడం లేదా? ఇక్కడైతే మైకులో వ్యాఖ్యానం అదనం.

అసలు శాన్ జార్జో మజ్జోరె చర్చి ముఖం నీళ్ల వైపే పెట్టారంటే ఎందుకనుకున్నారు? దాన్ని గీసిన వాస్తుశిల్పి ఆండ్రియా పల్లాడియో 1566లో పని మొదలుపెట్టాడు, 1580లో పోయాడు. మనం ఎగబడి ఫొటోలు తీసే ఆ తెల్లరాతి ముఖభాగం పూర్తయింది 1610లో. పాపం, గీసినాయనకే దక్కని దర్శనం మనకు పడవ మలుపు తిరిగేలోగా అయిపోతోంది. ఇంకేం కావాలి?

దిగితే ఏమవుతుందో చరిత్రలోనే ఉంది. ఆ చర్చి పక్క మఠంలో, భోజనశాల గోడకు 1563లో వెరొనేజ్ బైబిల్లోని కానా ఊరి పెళ్లివిందు చిత్రం వేసిచ్చాడు. వెడల్పే దాదాపు పది మీటర్లు. 1797లో నెపోలియన్ సైనికులు బుద్ధిగా పడవలో కూర్చోకుండా దిగారు. దిగినవాళ్లు ఊరుకుంటారా, లోపలికెళ్లి దాన్ని ముక్కలుగా కోసి పారిస్ పట్టుకుపోయారు. ఇప్పుడది లూవ్ర్‌లో మోనాలిసాకు ఎదురుగోడ మీద ఉంది. వచ్చినవాళ్లంతా దానికి వీపు పెట్టి మోనాలిసాను ఫోన్లో పట్టుకుంటారు. వెనిస్ గోడకు 2007లో నకలు తగిలించారు. ఆనాడు ఆ సైన్యానికి ఒక మంచి టూర్ గైడ్ ఉండి ఉంటే ఈ ఘోరం జరిగేదా?

గైడ్ల సంగతీ చెప్పుకోవాలి. ముందు ఇటాలియన్, తర్వాత ఫ్రెంచి, జర్మన్, ఆఖరున ఇంగ్లీషు. జూడెక్కా కాలువలో రెడెంటోరె చర్చి ఎదురైనప్పుడు జర్మన్ నడుస్తుంటుంది. 1575లో మొదలైన ప్లేగు యాభై వేలమంది దాకా పొట్టన పెట్టుకుందనీ, తెగులు తగ్గితే చర్చి కట్టిస్తామని సెనేటు మొక్కుకుందనీ, ఆ పనీ పల్లాడియోకే అప్పగించిందనీ మన చెవిన పడేసరికి ఎదురుగా ఉండేది పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన పిండిమిల్లు. ఇప్పుడు హోటలు. దాని ఎర్రిటుక బురుజులను చూసి పక్కసీటు పెద్దాయన చేతులు జోడించి, “పల్లాడియో అంటే పల్లాడియోనే అండీ” అన్నారు. భక్తికి ఇటుకైతేనేం, రాయైతేనేం.

స్థానికులకే ఈ సంస్కారం లేదు. ఏటా జూలై మూడో ఆదివారం రెడెంటోరె పండగకు కాలువ మీద తేలే వంతెన వేసుకుని చర్చి దాకా నడిచిపోతారు. పూర్వమైతే పడవల్నే వరసగా కట్టి వాటిమీద నడిచేవారు. పడవను ఇంతకంటే దుర్వినియోగం చేసిన జాతి మరొకటి ఉండదు.

అయినా వినని మొండివాళ్లు కొందరుంటారు. శాన్ జక్కారియా రేవులో 2వ నంబరు నీళ్లబస్సు ఎక్కి, ఒక్క స్టాపు తర్వాత శాన్ జార్జోలో దిగిపోతారు. లోపల టింటొరెట్టో తన చివరి రోజుల్లో వేసిన ఏసు కడరా భోజనం ఉంది. అందరూ బల్లను తిన్నగా వేస్తే ఈయన మూలకు ఏటవాలుగా ఈడ్చాడు. వేలాడే దీపం పొగలోంచి దేవదూతలు లేస్తుంటారు. ఏసు ఎక్కడో నడుమ చిన్నగా ఉంటాడు. మనకు దగ్గరగా ఉన్నది మాత్రం వంటసామాను, గిన్నె అందిస్తున్న పనిమనిషి, బుట్టలోకి తొంగిచూస్తున్న ఒక పిల్లి. దైవకార్యం జరుగుతుంటే దాని యావంతా బుట్ట మీదే. ఆ పిల్లి దగ్గర నిలబడిపోయినవాళ్లకు తిరుగు పడవ గుర్తుండదు. టైమ్‌టేబుల్ మొత్తం సర్వనాశనం.

టూర్ల నిర్వాహకులకు ఒకటే మనవి. పిల్లి సంగతి మైకులో రానివ్వకండి. తప్పనిసరైతే జర్మన్‌లో చెప్పించండి.