ఓపీజీ ఎక్స్‌రే గారికి, నల్గొండ నుంచి

మహారాజశ్రీ ఓపీజీ ఎక్స్‌రే గారి సముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం, పళ్లు తప్ప.

మా మేనకోడలికి క్లిప్పులు వేసే ముందు, పళ్లన్నీ, దవడలూ ఒక్క ఫొటోలో చూపించే మిమ్మల్ని తీయించమన్నారు. మీరు దండగ అని మా ఇంట్లో ఫిర్యాదు. "పిల్లకు ఎత్తు పళ్లున్నయని గడియారం సెంటర్ల నిలబడ్డోనికి గూడ కనపడుతది, ఇంక లోపలి ఫొటో ఎందుకు?" అంటాడు మా పెదనాయన. క్లిప్పులకు వేలకు వేలు ఒప్పుకున్న మనిషి, మీ దగ్గరికి వచ్చేసరికి బేరం మొదలుపెట్టాడు. పైగా రేడియేషన్ అని టెన్షన్. మీరు ఒక్కసారికి ఇచ్చేది, రేడియేషన్ కొలిచే లెక్కలో, సుమారు 0.02 మిల్లీసీవర్టులు. నేల నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి సగటున 2.4 మనిషికి ఊరికే అందుతూనే ఉంది. దాని గురించి ఎవరికీ బెంగ లేదు.

తప్పు మీలోనూ ఉంది లెండి. కమ్మలు, ముక్కుపుడక తీయించి, గడ్డం ఆనించి, ముందు పళ్లతో ప్లాస్టిక్ ముక్క కరిపించి, కదలొద్దని బెదిరించి తల చుట్టూ తిరుగుతారు. ఇంత హంగామా చేసి చూపించేది దయ్యం నవ్వు! అందులోనే మా మేనకోడలి గుట్టు రట్టు చేశారు. ఇంకా రాలేదని మేమనుకున్న కోరపన్ను అంగిట్లో అడ్డంగా పడుకుని, పక్క పన్ను వేరుకు తల ఆనించి ఉంది. అది చూసుకోకుండా తీగ బిగిస్తే వేరు దానికి ఒరుసుకుని అరిగిపోయేదట. పక్క నుంచి తీసే మీ తమ్ముడు సెఫలోగ్రామ్ ఇంకా చాడీకోరు. తప్పు పళ్లదా, దవడదా అని కూడా చెప్పేస్తాడు.

మీ వంశం మా జిల్లాకు కొత్త కాదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు పళ్ల మీద పెట్టిన మరకలు అందరికీ కనపడ్డాయి. ఎముకల్లో పేరుకున్నది ఫిల్ముల్లోనే కనపడింది. అయినా "చూస్తే తెలుస్తలేదా" అనడం మానలేదు మేము.

నా అసలు కోపం వేరే. ఒక క్లినిక్‌లో తీయించిన మిమ్మల్ని కవర్లో పెట్టుకుని ఇంకో క్లినిక్‌కు పోతే, కవరు విప్పకుండానే "మళ్లీ తీయించండి, ఎదురుగానే సెంటర్" అన్నారు. పోయిన నెల అడ్డంగా పడుకున్న పన్ను ఈ నెల లేచి కూర్చుంటుందా? పిల్లను నోరు తెరవమని అనకముందే చీటీ రాసేశారు. ముందు నోరు చూసి, అవసరమైతేనే మిమ్మల్ని పిలవాలి కదా! చిగురు కింద పన్నును పట్టుకునే మీకు, చీటీ కింద కమీషన్ ఎందుకు పడదు?

జవాబు కవరు మీదే రాయండి. లోపల రాస్తే ఎవరూ విప్పడం లేదు.

ఇట్లు,
ఒక మేనమామ