సవరణ: 'ది గర్ల్ నెక్స్ట్ డోర్'లో డేవిడ్ కల్పిత పాత్రే

జాక్ కెచమ్ నవల 'ది గర్ల్ నెక్స్ట్ డోర్' (1989) చదివినవాళ్ల స్పందనల గురించి మొన్న రాస్తూ, అది ఉన్నదున్నట్టు రాసిన నిజకథ అనీ, కథ చెప్పే డేవిడ్ నిజంగానే ఆ పక్కింటి కుర్రాడనీ అన్నాను. అది తప్పు. ఎక్కడో విన్న మాట సరిచూసుకోకుండా రాసేశాను.

నవలకు ఆధారమైన ఘోరం మాత్రం నిజం. 1965లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో పదహారేళ్ల సిల్వియా లైకెన్స్‌ను, డబ్బు తీసుకుని ఇంట్లో ఉంచుకున్న మహిళే చిత్రహింసలు పెట్టి చంపింది. ఆమె పిల్లలు, చుట్టుపక్కల పిల్లలు కూడా చేతులు కలిపారు. ఆ కేసు గురించి అచ్చయిన వివరాలన్నీ ఇదే చెబుతున్నాయి. కెచమ్ కాలాన్ని 1958కి మార్చాడు, పేర్లు మార్చాడు. సిల్వియా తల్లిదండ్రులు కార్నివాల్ పని మీద ఊళ్లు తిరుగుతుండేవాళ్లు. నవలలో సిల్వియా స్థానంలో ఉన్న మెగ్ అనే అమ్మాయి అమ్మానాన్నలు కారు ప్రమాదంలో చనిపోతారు.

నవలలో ఆ హింసను చూస్తూ ఊరుకున్న డేవిడ్ మీద చాలామందికి ఒళ్లు మండింది. 'వాణ్ణి జైల్లో వేశారా?' అని అడిగారు కూడా. వేయడానికి అసలు డేవిడ్ అనేవాడే లేడు. కేసులో మాత్రం చుట్టుపక్కల అబ్బాయిలిద్దరికి శిక్ష పడింది.

ఇంకొకటి, పుస్తకాన్ని సగంలో మూసేసినవాళ్లను నేను తప్పుపట్టలేదు. నేనూ రెండుసార్లు పక్కన పడేశాను.