షుగర్ లిమిట్ దించింది మందుల కంపెనీలేనట!

మా ఫ్యామిలీ గ్రూపులో ఆ ఫార్వర్డ్ ఈ నెలలో మూడోసారి వచ్చింది, మీకూ వచ్చే ఉంటుంది. "ఒకప్పుడు పరగడుపున 200 దాటితేనే షుగర్ అనేవాళ్ళు, కంపెనీలు 1997లో దాన్ని 126కి దించి కోట్లమందిని రోగుల్ని చేశాయి, మాత్రలు కిడ్నీలను తినేస్తాయి, పంచదార బదులు బెల్లం, అన్నం బదులు చపాతీ, పొద్దున్నే బెండకాయ నీళ్ళు, 15 రోజుల్లో మందులు అవతల పారేయండి." మా పెద్దమ్మ ఇది చదివి నిజంగానే మాత్రలు ఆపేసింది. అందుకే ఒక్కోటీ వరసగా చెప్తాను.

ముందు ఆ 1997 సంగతి. ఇందులో ఒక ముక్క నిజం ఉంది, జనం నమ్మేది కూడా అందుకే. ఆ ఏడాది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వేసిన నిపుణుల కమిటీ పరగడుపు హద్దు తగ్గించిన మాట వాస్తవం. కాకపోతే 200 నుంచి కాదు, 140 నుంచి. 200 అనేది గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు చూసే అంకె, అది అప్పుడూ అంతే ఇప్పుడూ అంతే. రాసినాయన రెండు పరీక్షల్ని కలిపి కలగూరగంప చేశాడు. ఎందుకు తగ్గించారంటే, రెండు గంటల షుగర్ 200 దాటినవాళ్ళలో చాలామందికి పరగడుపున 140 రావట్లేదు, అంటే జబ్బు ఉండి కూడా లెక్కలోకి రావట్లేదు. పైగా అమెరికాలోని పీమా తెగవాళ్ళు, ఈజిప్టువాళ్ళు, అమెరికా జాతీయ సర్వేలో పాల్గొన్నవాళ్ళు, వీళ్ళ కళ్ళు పరీక్షించి చూస్తే 140 దాకా రాకముందే రెటీనా దెబ్బతినడం పెరుగుతోంది. చూపు పోయేదాకా ఆగమంటారా?

మాత్రలు, కిడ్నీలు. టైప్ 2 వాళ్ళలో, అంటే పెద్దయ్యాక ఎక్కువగా వచ్చే మామూలు షుగర్ ఉన్నవాళ్ళలో, ఎక్కువమందికి మొదట రాసేది మెట్‌ఫార్మిన్ అనే మాత్ర. అది కిడ్నీల గుండా బయటికి పోతుంది తప్ప వాటిని పాడు చేయదు. కిడ్నీలు అప్పటికే బలహీనపడి ఉంటే మందు ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి డాక్టర్ డోసు తగ్గిస్తారు, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడగడుతున్నాయో చెప్పే అంకె) 30 కిందికి పోతే ఆపేస్తారు. "కిడ్నీ పాడైందని మాత్ర ఆపారు" అన్న మాట నాలుగు నోళ్ళు తిరిగేసరికి "మాత్ర వల్ల కిడ్నీ పాడైంది" అయింది. అసలు దెబ్బ తీసేది ఏళ్ళ తరబడి అదుపు తప్పిన షుగర్, దానికి తోడు బీపీ. మెట్‌ఫార్మిన్‌తో ఇబ్బందులే లేవని కాదు, కడుపు ఉబ్బరం, విరేచనాలు, ఏళ్ళపాటు వాడితే బీ12 తగ్గడం ఉన్నాయి. ఫార్వర్డ్‌లో ఇవేవీ లేవు చూశారా? అయినా పేటెంట్ ఎప్పుడో పోయి, పీహెచ్‌సీలో ఊరికే ఇచ్చే మాత్ర కోసం ఎవరు కుట్ర చేస్తారండీ.

బెల్లం కూడా చెరకు రసమే. షుగర్ పెంచడంలో పంచదారకు తమ్ముడు, అంతే.

చపాతీ కాస్త నయమే, కానీ లెక్క ఉండాలి. రెండింటితో ఆగితే సరే, ఆలూ కూరతో నాలుగు లాగిస్తే అన్నం తిన్నట్టే. అన్నం మానలేనివాళ్ళు అన్నం తగ్గించి కూర పెంచుకుని, పప్పో గుడ్డో చేర్చుకుని, తిన్న వెంటనే కుర్చీలో కూలబడకుండా పది పదిహేను నిమిషాలు నడిస్తే మీటర్లోనే తేడా కనిపిస్తుంది.

బెండకాయలో జిగురు పీచు మంచిదే. మరి దాన్ని కూరగా తినక, నానబెట్టిన నీళ్ళు తాగి ముక్కలు పారేయడమేమిటో నాకు అర్థం కాదు.

ఇక మందులు పారేయడం. ఎవరికీ కుదరదని నేను అనను. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. బరువు ఎక్కువగా ఉండి, టైప్ 2 బయటపడి ఆరేళ్ళు దాటని, ఇన్సులిన్ వాడనివాళ్ళకు మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ హద్దులోకి వచ్చింది. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్ళలో అయితే 86 శాతం. పని చేసింది బరువు తగ్గడం, అదీ డాక్టర్లూ నర్సులూ కనిపెట్టి ఉండగా. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని టైప్ 1 పిల్లలకు ఇది వర్తించదు, ఇన్సులిన్ ఆపితే రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. ఫార్వర్డ్ రాసినాయన ఈ టైపుల ఊసే ఎత్తలేదు.

మాత్రలు ఆపిన మూడు వారాలకు పెద్దమ్మకు పరగడుపున 240 వచ్చింది. డాక్టర్‌తో మాట్లాడి మళ్ళీ మొదలెట్టింది. బెండకాయ నీళ్ళు మాత్రం మానలేదు, నేనూ మానమనలేదు. మూడు నెలల షుగర్ టెస్టు దసరా వెళ్ళాక.